మన్నూబియా కూర్చున్న మెట్టు

అవుస్సు అని పిలిచే నడివేసవి ఎండలు మొదలయ్యే రోజున, పొద్దెక్కకముందే సముద్రంలో దిగి ఏడు అలలు మీద పడనిస్తే ఏడాదంతా రోగం రాదని మావాళ్ల నమ్మకం. నా భార్య బేయా ఏ ఏడూ మానలేదు. నన్నూ చెయ్యి పట్టి దింపేది. ఆసుపత్రి మంచం మీద ఆమె చెప్పిన చివరి మాట కూడా అదే. అవుస్సు మునక తప్పించొద్దు, నీ కాలికి అదే మందు, అంది.

నాకు షుగరు. ఎడమ పాదం అడుగున ఖర్జూరపు గింజంత పుండు. చలికాలం నుంచీ మానడం లేదు.

ఆ వేసవిలో మురుగు పంపు చెడింది. ఊరి మురుగంతా వాగులో పడి మా తీరానికి చేరింది. బాగుచేయమని అడగడానికి వెళ్ళినవాళ్లకు మునిసిపల్ ఆఫీసులో టీ ఇచ్చి పంపారు. ఆ టీ పోసినవాళ్లను నేను క్షమించను. చివరికి ఇసుకలో ఒక ఎర్రజెండా పాతి చేతులు దులుపుకున్నారు.

అవుస్సు నాడు కాఫీకొట్టు తాహర్ ఆ జెండా పీకి పక్కన పారేశాడు. ఏడో అలకి ఏ మురికీ నిలవదని నలుగురికీ వినబడేలా చెప్పి, ప్యాంటు మడిచి దిగాడు. ముందురోజు పడవకు గీసుకుపోయిన పిక్క ఇంకా పచ్చిగానే ఉంది. అతని వెనక సగం వీధి దిగింది.

నా కర్ర ఇసుకలో దిగబడుతుందని, గోడ పక్కన నీళ్లలోకి దిగే సన్నటి మెట్ల మీదకు వచ్చాను. కింది మెట్టు మీద మన్నూబియా కూర్చుని పుచ్చగింజలు నములుతోంది.

ఆమెది మా పై అంతస్తు. తడిబట్టల నీళ్లు మా వరండాలో కారుస్తోందని బేయా పదేళ్లు ఆమెతో పోట్లాడింది. బేయా పోయినప్పుడు ఆమె పరామర్శకు రాలేదు. అది నేను మరిచిపోలేదు.

అడ్డు లెమ్మన్నాను. ఆమె కాళ్లు ఇంకాస్త చాపింది.

"లేవను. కావాలంటే చెయ్యి పట్టుకుని లేపు, లమీన్. వీధంతా చూస్తోంది."

పరాయి ఇంటి ఆడమనిషిని మా దగ్గర ఎవడూ తాకడు. ఆ సంగతి తెలిసే కూర్చుంది. దాటిపోదామంటే మెట్టు నిండా ఆమే.

బేయా చెప్పి పోయిందన్నాను.

"బేయా సముద్రంలో మునగమంది. ఇది సముద్రమా? ఊరందరి పాయిఖానా. ఆ నీళ్లు చెంబుతో తెచ్చిస్తే నీ పిల్లికి పోస్తావా?"

"నీకు బేయా అంటే పడదు."

"పడదు. ఇప్పటికీ పడదు." పుచ్చగింజ తొక్క పక్కకు ఉమ్మింది. "నువ్వూ పోతే ఆ మేడలో నేను ఎవరితో పోట్లాడాలి?"

నోటికొచ్చినవన్నీ తిట్టాను. ఆమె గింజలు నములుతూనే ఉంది. బూకర్నీన్ కొండ మీద ఎండ తెల్లబడింది. ఇక మునిగినా ఫలితం లేదు. అప్పుడు లేచి, ఒడి దులుపుకుని, నావైపు చూడకుండా ఇంటికి పోయింది. బేయాకిచ్చిన మాట తప్పించిందని దారి పొడుగునా ఆమెను శపించాను.

వారం తిరక్కముందే తాహర్‌కు జ్వరం. పిక్క నల్లబడింది. కాలు మోకాలి కిందికి తీసేశారు. జాలిపడ్డానంటే అబద్ధం. అతని వెనక దిగిన పిల్లల్లో ఇద్దరికి ఒళ్లంతా పొక్కులు లేచాయి. నా జాలంతా వాళ్ల మీదే.

నా కట్టు మార్చే డాక్టరు నీళ్లలో దిగావా అని అడిగాడు. లేదన్నాను. దిగి ఉంటే తాహర్ పక్క మంచం నీదేనన్నాడు. ఆకురాలు కాలానికి పుండు పూడింది. రెండు పాదాలూ నేల మీద ఆనించి నిలబడి, చాలాసేపు కిందికే చూస్తూ ఉండిపోయాను.

మరునాడు మధ్యాహ్నం పై అంతస్తు ఎక్కి తలుపు కొట్టాను. చెప్పాల్సింది మెట్లెక్కుతూ కూడబలుక్కున్నాను. ఆమె తలుపు తీయగానే సగం పోయింది.

"ఈ కాలు నీ చలవే, మన్నూబియా," అన్నాను. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఆమె నా కాళ్లకేసి చూసింది.

"చెప్పులు బయట విడువు. కుస్‌కుస్ చల్లారిపోతోంది."

చేప ముక్కలు పెద్దవి నా పళ్లెంలో వేసింది. పులుసులో ఉప్పు ఎక్కువైంది. అయినా మళ్లీ వడ్డించమన్నాను.