లప్పం పెట్టని అతుకు

మా ఇంట్లో బూడిదరంగు లేనిది నేనొక్కదాన్నే.

గేట్లకూ కిటికీ ఊచలకూ రంగులు వేయడం మా ఆయన పని. డబ్బా అడుగున మిగిలిన రంగు ఇంటికి తెచ్చి, కంటికి కనబడిన ప్రతిదానికీ పూసేస్తారు. జనం గేట్లకు ఎక్కువగా బూడిదరంగే వేయించుకుంటారు కాబట్టి మా మంచం, ముక్కాలిపీట, కుట్టుమిషను కాళ్లు, చివరికి నా సైకిలు కూడా ఆ రంగులోకే వచ్చి చేరాయి.

నేను కర్టెన్లు కుడతాను. ఇళ్లకు వెళ్లి కిటికీల కొలతలు తీసుకుంటాను, గుడ్డ కొని వెనక క్యారియర్‌కి కట్టుకుని వస్తాను, కుట్టినవి పట్టుకెళ్లి నేనే తగిలిస్తాను. ఇదంతా ఆ సైకిలు మీదే. వానలు మొదలైన రోజుల్లో ఒకసారి మలుపు దగ్గర హ్యాండిలు నా మాట వినకుండా పక్కకు పోయింది. రోడ్డు మీద పడ్డాను. మణికట్టు విరిగింది. అంతే, ఇంట్లోవాళ్లకి నా మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"కళ్లు తిరిగి పడిపోయింది," అని మా ఆయన అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పడం మొదలుపెట్టారు.

"నాకేం కాలేదండీ, హ్యాండిలే పక్కకి పోయింది," అని నేను మొత్తుకున్నాను.

"పడ్డవాళ్లంతా అలాగే అంటార్లే."

డాక్టరు బీపీ చూసి, రక్తం పరీక్ష చేయించి, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. ఆ మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు.

"ఇక చాలమ్మా," అన్నాడు మావాడు. "ఇంట్లో కూర్చుని కుట్టుకో. కొలతలకి నేను తీసుకెళ్తాగా." నిజంగానే ఒకసారి తీసుకెళ్లాడు. నేను లోపల టేపు పట్టుకుని కిటికీ కొలుస్తుంటే బయట బండి మీద కూర్చుని హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆ ఇంటావిడ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత వాడికి ఖాళీ దొరకలేదు, నాకూ అడగబుద్ధి కాలేదు.

చేతికి కట్టు విప్పించుకుని ఇంటికొచ్చేసరికి తండ్రీకొడుకులు మాట్లాడుకుంటున్నారు. ఆదివారం పాత ఇనుప సామాన్లవాడు వస్తాడట, సైకిలు ఇచ్చేద్దామట. సైకిలు నాది. నన్నొక్క మాట అడిగిన పాపాన పోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి కొట్టుకు వెళ్లి నారింజరంగు డబ్బా కొనుక్కొచ్చాను. పెరటి వరండాలో సైకిలుని బోర్లా పెట్టి చక్రాలు, చైను, సీటు, హ్యాండిలు, ముందు ఫోర్కు అన్నీ ఊడదీశాను. ఫ్రేముని కొక్కేనికి వేలాడదీసి ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాను.

"ఇనుప సామాన్లవాడికిచ్చేదానికి రంగెందుకమ్మా?" అన్నాడు మావాడు.

"ఇవ్వను కాబట్టి."

మా ఆయన సాయం చేయలేదు గానీ సలహాలకు లోటు రానివ్వలేదు. "నీళ్లతో తడిపి రుద్దవే, దుమ్ము లేస్తోంది." "కాగితం చెక్కముక్కకి చుట్టు." అటు వెళ్తూ ఒకటి, ఇటు వస్తూ ఒకటి. మణికట్టు సలుపుతుంటే ఎడమచేత్తో రుద్దాను.

ఒక బూడిదరంగు పోతే దాని కింద ఇంకో బూడిదరంగు. ముందు వైపు, హ్యాండిలు దిగే గొట్టానికి కింది గొట్టం అతికే చోట మాత్రం తెల్లటి పొడి రాలింది. ఇనుములో తెల్లపొడి ఎక్కడిది? వేలికి అంటించుకుని వాసన చూశాను. సుద్దా అవిసెనూనే కలిసిన వాసన. పెళ్లయిన నాటినుంచీ ఆయన చొక్కాల్లోంచి నేను ఉతికి వదిలిస్తున్న వాసనే. లప్పం. గేట్ల సొట్టల్లో, తలుపుల పగుళ్లలో నింపి, పైన రంగేసి నున్నగా కనిపించేలా చేసే ముద్ద.

కత్తెర మొనతో గీరాను. లప్పం పెచ్చులుగా ఊడింది. కింద సన్నటి నల్లగీత, గోరు తగులుకునేంత లోతు. ఫ్రేముని పట్టుకుని కిందికి నొక్కితే ఆ గీత నోరు తెరిచింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

ఇంకో సలహా ఇవ్వడానికన్నట్టు హుషారుగా వచ్చారు. చూశారు.

"ఇదేంటి?" అన్నాను.

"పగులు."

"దాని మీదున్నదేంటి?"

ఆయన మెడ తడుముకున్నారు. "పెయింటు పగిలిందనుకున్నానే. చూడ్డానికి బాగోలేదని కాస్త లప్పం పెట్టి..."

"ఎప్పుడు?"

"ఎండాకాలంలో."

అంటే నేను పడకముందే. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి విరిగినందుకు కాదు. అందరూ అదే పాట పాడుతుంటే, నిజంగానే కళ్లు తిరిగాయేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను. అదంతా గుర్తొచ్చి ఏడ్చాను, కొంగుతో ముఖం తుడుచుకున్నాను, ఫ్రేముని భుజానికెత్తుకున్నాను.

"ఇటివ్వు, నేను మోస్తా," అన్నారు.

"అక్కర్లేదు."

సందు చివర వెల్డింగ్ షాపతను పగులు శుభ్రం చేసి, దాని మీద చిన్న ఇనుపరేకు వేసి అతికాడు. చల్లారాక తానే దాన్ని పట్టుకుని వేలాడి చూసి, "ఇక ఏనుగెక్కినా ఢోకా లేదక్కా," అన్నాడు. ఏనుగన్నందుకు ఇంకో రోజయితే ఊరుకునేదాన్ని కాదు.

ప్రైమర్ ఆరాక నారింజ డబ్బా మూత తీస్తుంటే మా ఆయన లప్పం పూసే రేకుబిళ్ల పట్టుకుని పక్కన చేరారు. పాపం, చేతులు ఊరుకోవు.

"అతుకు మరీ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. అరగదీసి పల్చగా లప్పం పెడితే, అసలు తెలియను కూడా తెలియదు."

"తెలియాలి," అన్నాను. "మళ్లీ పగిలితే ముందు నాకు తెలియాలి. దాని జోలికి రాకండి."

ఆయన బిళ్ల జేబులో పెట్టుకున్నారు. అతుకు మీద నేనే కుంచె తిప్పి రంగు వేశాను. ఎండలో అది అన్నిటికంటే ముందు కనబడింది.

ఆదివారం ఇనుప సామాన్లవాడు రానే వచ్చాడు. వట్టిచేతులతో పంపడం బాగుండదని మా ఆయన దాచుకున్న బూడిదరంగు డబ్బాలన్నీ వాడికి ఇచ్చేశాను. మావాడు అడ్డు చెప్పబోయి, నా ముఖం చూసి తమాయించుకున్నాడు.

సైకిలు బయటికి తీసేసరికి ఎదురింటి మాస్టారు గేటు దగ్గరే ఉన్నారు. "మళ్లీ సైకిలెక్కుతున్నారేంటమ్మా? మీకు కళ్లు తిరుగుతాయని మీవారు చెప్పారే!"

ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద ఉంచి వెనక్కి తిరిగాను. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీరే చెప్పండి," అన్నాను.

ఆయన మాస్టారి వైపు చూశారు, నా వైపు చూశారు, గేటు వైపు చూశారు. నేను కదల్లేదు. టేపు మెడలో ఉంది, కిటికీలు ఎక్కడికీ పోవు.

"మా ఆవిడకేం లేదండీ," అన్నారు చివరికి. "సైకిలే పగిలింది. చూసుకోకుండా నేనే లప్పం పెట్టేశాను."

ఇంకొంచెం గట్టిగా చెప్పమందామనుకున్నాను. మాస్టారికి వినబడిందిలే అని పెడల్ తొక్కాను.