వదిన ఇచ్చిన శృంగార నవల

బట్టల దుకాణం వెనక గదిలో చొక్కాలు కుట్టే ఆవిడకు అపరాధ పరిశోధన నవలలంటే ప్రాణం. హంతకుడెవరో సగంలోనే పట్టేసి మురిసిపోయేది. ఒకరోజు ఆమె వదిన, "ఎప్పుడూ శవాలేనా? కాస్త బతికున్నవాళ్ళ కథ చదువు," అంటూ ఒక శృంగార నవల ఆమె సంచిలో కుక్కింది.

మధ్యాహ్నం కుట్టుమిషను చాటున తెరిచింది. చెవులు వేడెక్కాయి. ఛీ అనుకుంటూనే పేజీలు తిప్పింది. ముద్దులూ కౌగిలింతలూ సరే, ఒకచోట మాత్రం ఆమె చూపు ఆగిపోయింది. మంచం మీద నాయకుడు సగంలో ఆగి, "ఇలా నీకు బాగుందా?" అని నాయికను అడుగుతాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మాట తననెవరూ అడగలేదు. ఆ పూట చొక్కా చేతులు తిరగేసి కుట్టి, మళ్ళీ ఆ కుట్లన్నీ విప్పింది.

ఇంట్లో భర్త భోంచేస్తుంటే ఉండబట్టలేకపోయింది.

"నాకేది ఇష్టమో మీరెప్పుడైనా అడిగారా?"

"దేంట్లో? కూరల్లోనా?"

ఆమె తల అడ్డంగా ఊపి, పడకగది వైపు చూసింది. అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఇన్నాళ్ళూ నిన్ను బాధపెట్టానా?" అన్నాడు.

లేదందామనుకుంది. మంచినీళ్ళ గ్లాసు మాత్రం అతని ముందుకు జరిపింది. అతను చెయ్యి కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. వెళ్ళి పక్కన కూర్చుంది.

"పోనీ, ఇప్పుడు చెప్పు. నీకేది ఇష్టం?" అన్నాడు, ముఖం చూడకుండానే.

ఆమె ఎంతో ఆలోచించింది.

"ఏమోనండీ, నాకూ తెలీదు," అంటూ బావురుమంది.