పోలిగాడి కొమ్మ కింద

గుడ్డసంచిలో మంగ చీరలు రెండు పెట్టాను. తీసి, మళ్ళీ మడతపెట్టి, మళ్ళీ పెట్టాను. దువ్వెన, కొబ్బరినూనె బుడ్డి, దారిలో తినడానికి అటుకులు. పరదేశి తెచ్చిన తెల్లచీర మాత్రం గూట్లోనే ఉంది. దాన్ని సంచి అడుగున పెట్టాలో పైన పెట్టాలో తెలియక అలాగే కూర్చుండిపోయాను.

మంగ నా చెల్లెలు మంగాయమ్మ, మొగుడు వెళ్ళినప్పటి నుంచి నా దగ్గరే ఉండేది. పరదేశి దాని మరిది. ముందు రోజు సాయంత్రం వడ్డాది నుంచి బండి కట్టుకుని వచ్చాడు. మంగ మొగుడు గణపతిరావు 1939లో బియ్యపు మిల్లు పనికని రంగూను వెళ్ళాడు. అక్కడ బాంబులు పడ్డాక అడవుల వెంట నడిచి ప్రాణాలతో బయటపడ్డ మనవాళ్ళు కొందరు చోడవరం చేరారు. వాళ్ళలో అతను లేడు. అతన్ని చూశామన్నవాళ్ళూ లేరు. అలా పన్నెండేళ్ళు గడిచి 1954 జ్యేష్ఠం వచ్చింది. పన్నెండేళ్ళు కబురు లేని మనిషికి మోదుగాకులతో బొమ్మ చేసి, దాన్ని కాల్చి, కర్మ చేయాలన్నారు పెద్దలు. వడ్డాదిలో ఆ పని కాగానే మంగ చేతుల గాజులు తీసేస్తారు, బొట్టు చెరిపేస్తారు.

మా ఇంట్లో ఎవరు బయల్దేరినా సంచి సర్దేది నేనే. రంగూను సంచీ నేనే సర్దాను. అందుకే ఆ పొద్దు చేతులు ఆడలేదు.

"అప్పా, ఆ సంచీకాడ తపస్సు సేస్తన్నావేటి?" అని పెరట్లోంచి అరిచింది మంగ. "నాను కాశీకేటి ఎల్తన్నాను?"

దాని గొంతు ఎప్పటిలాగే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పరదేశి ఈ మాట మొదట ఎత్తింది కార్తీకంలో. అప్పటికి చెరకు గానుగలు మొదలయ్యాయి కాబట్టి బెల్లం వంటలు పూర్తయ్యాక చూద్దామన్నాడు. ఆ మాట విన్నాక మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. పిట్టల గురించి మాట్లాడుకున్నాం.

నాకు బడి చదువు లేదు. పొట్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని యాభయ్యో పడిలో చదవడం నేర్చుకున్నాను. ఎవరో పారేసిన పిల్లల వాచకం ఒకటి నా దగ్గర ఉండేది. అందులో పిట్టల బొమ్మలున్నాయి. నేను అరుగు మీద కూర్చుని చదివేదాన్ని, మంగ పెరటి వైపు చూస్తూ అవునో కాదో తేల్చేది.

కార్తీకం చలిలో నూతిగట్టు మీద ఒక పిట్ట తోక ఊపుకుంటూ నడిచింది. దాసరిపిట్ట అన్నాను.

"కాదే అప్పా, సరిగ్గా సూడు. దాసరి పిట్టకి కనుబొమ్మే తెలుపు. దీనికి మొకమంతా తెలుపు. ఇది సలికాలం సుట్టం."

పుష్యంలో పచ్చటి వంగపండు పిట్ట వచ్చి ఆకుల్లో దాక్కుంది. మాఘం చివర నుంచి కంసాలిపిట్ట తెల్లవారకముందే టుక్కు టుక్కుమని మొదలుపెట్టేది. చైత్రంలో కోయిల కూసే నాటికి, నూతిగట్టు మీది తెల్లమొకం పిట్ట కనిపించడం మానేసింది. ఎప్పుడు వెళ్ళిపోయిందో నేను గమనించనే లేదని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

"పిట్టకి కూడా ఏడుస్తావేటే?" అని మంగ నవ్వింది. "సెప్పెల్లడానికి అదేటి, నీ అల్లుడా?"

వైశాఖంలో మా వేపచెట్టు మీద పసులపోలిగాళ్ళ జంట గూడు కట్టింది. తోక కత్తెరలా చీలి, ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడే పిట్ట అది. మామూలప్పుడు ఆవుల వీపుల మీద కూర్చుని ఊరేగుతుంది. గూట్లో గుడ్లు పెట్టాక మాత్రం దానికంటే పెద్ద రౌడీ ఉండడు. కాకి, గద్ద, పిల్లి, ఎవరొచ్చినా నెత్తి మీద పొడిచి తరిమేది. ఆ ఏడు మంగ వేప పక్కనే వడియాలు ఎండబెట్టి, కాపలా లేకుండా లోపలికొచ్చి కునుకు తీసేది. ఒక్క వడియం పోలేదు.

ఇక ఆ పొద్దు సంగతి. బండి కట్టబోయే ముందు పరదేశి మా గుమ్మంలో నిలబడి తలగుడ్డ తీశాడు.

"పెద్దొదినా, మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బొమ్మ సెయ్యకముందు, మనిషి ఆఖర్న తిన్న ఇంట్లో ముద్ద పెట్టాలి. కాకి ముట్టిందా, పోయినట్టే. మిట్టమజ్జాన్నం దాకా ముట్టలేదా, ఉన్నట్టే. మా అన్నయ్య రంగూను ఎల్తా ఆఖర్న తిన్నది మీ ఇంట్లోనే."

"నిజమే బాబూ. వంకాయ కూర, మజ్జిగ" అన్నాను.

అతను కళ్ళు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. అన్నయ్య నీళ్ళు లేక దాహంతో తిరుగుతున్నట్టు కల వస్తోందని, నిద్ర పట్టడం లేదని రాత్రి భోజనం దగ్గర చెప్పాడు.

మంగ లేచింది. పేడనీళ్ళు కలిపి, పెరట్లో ఒక చోట అలికి, చిన్న ముగ్గు వేసింది. విస్తరాకు తెచ్చి పరిచింది. పరదేశి దాని మీద అన్నంముద్ద పెట్టి, దండం పెట్టుకుని, అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు చూశాను మంగ ఎక్కడ అలికిందో. వేపచెట్టు కింద, సరిగ్గా పోలిగాడి గూడున్న కొమ్మకి దిగువన.

మంగ నా వైపు చూడకుండా బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

కాకులు వచ్చాయి. గోడ మీద వాలి, మెడలు వంచి ముద్దని చూశాయి. ఒకటి ఎగిరింది. చెట్టు దరికి రాకముందే పోలిగాడు నల్లటి రాయిలా పడ్డాడు దాని మీద. కాకి కావుమని తిరిగిపోయింది. ఇంకొకటి వచ్చింది, దానికీ అదే మర్యాద.

"ఏటొదినా ఇది? ఒక్కటీ దిగదేటి?" అన్నాడు పరదేశి.

"కాకుల్నడుగు బాబూ" అంది మంగ చేట దించకుండానే.

ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు ముసలి బొంతకాకి ఒకటి గోడ దిగి నేల మీద గెంతుకుంటూ వచ్చింది. గెంతి ఆగింది, గెంతి ఆగింది. ముగ్గు తొక్కింది. నా చేతిలోని విసనకర్ర జారిపోయింది. మంగ చేతిలో చేట ఆగిపోయింది. కాకి ముద్ద వైపు మెడ చాచింది.

పోలిగాళ్ళిద్దరూ ఒక్కసారే దిగారు. ఒకడు నెత్తి మీద పొడిచాడు, రెండోవాడు వీపు మీద ఈక పట్టుకుని లాగాడు. బొంతకాకి గోడ దాటి, చెరకు తోట దాటి, అరుస్తూ పోయింది.

పరదేశి లేచి నిలబడ్డాడు.

"సూసేవా పెద్దొదినా! మా అన్నయ్యే ఆ పిట్టల్ని కాపలా పెట్టేడు! ఉన్నాడు, ఎక్కడో ఉన్నాడు!" అని అరుగు మీద కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. "వదినా, నాను ఆ తెల్లసీర సేత్తో పట్టుకొచ్చేనే! నన్ను సెప్పుచ్చుకు కొట్టు."

"కొడతాను గానీ, ముందు కాళ్ళు కడుక్కో. అన్నం పెడతాను" అంది మంగ.

అతను కడుపునిండా తిన్నాడు. కొట్టువాడికి తిరిగిచ్చేస్తానని తెల్లచీర చంకన పెట్టుకుని, ఒక్కడే బండెక్కాడు. ఆ తర్వాత వడ్డాదిలో ఎవరు ఆ మాట ఎత్తినా అతనే తగాదాకి దిగేవాడట.

బండి మలుపు తిరిగాక మంగ దగ్గరికి వెళ్ళాను.

"ఆ సోటు కావాలనే అలికేవు కదే?"

"నూతికాడ బురద. దడికాడ ఎండ. మరెక్కడ అలకమంటావు?"

"పోలిగాడు కాకిని రానియ్యడని నీకు తెలుసు."

"నీకూ తెలుసు. పరదేశికీ తెలుసు, పసులు కాసినోడే కదా. ముగ్గురం నోరు మూసుకు కూకున్నాం." చేతుల గాజులు మోచేతి వైపు తోసుకుంది. "ఆయన ఉన్నాడో లేడో కాకికేటి తెలుస్తదే అప్పా? నాకే తెలవదు."

సంచి విప్పి చీరలు దండెం మీద వేశాను. అటుకులు ఇద్దరం బెల్లంతో కలుపుకుని తిన్నాం. చాలా రోజుల తర్వాత నాకు తిండి గొంతు దిగింది. చెట్టు మీద పోలిగాడు ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాడు. మంగ వాడికి బదులు చెబుతూ పడీపడీ నవ్వింది.

మంగ 1958 మాఘంలో, జ్వరంతో, చేతుల నిండా గాజులతో పోయింది. అప్పటిదాకా గణపతిరావు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.