కోపం కూడా రోగమేనా

దవాఖానా మందు మొదలైనప్పటి నుంచి భద్రమ్మ కాళ్లు ఒకచోట నిలవవు. ఇంటికి మనిషి వచ్చినా కూర్చోలేక లేస్తోంది, లేచి మళ్లీ కూర్చుంటోంది.

వచ్చిన సుబ్బరత్నం మధిర వైపు పిల్ల, హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోంది. మనసు చెడి దవాఖానాకు వెళ్లొచ్చినవాళ్లను, బాగవడమంటే మీకేమిటని అడుగుతూ ఇల్లందు బొగ్గుబావుల కాలనీలన్నీ ఎండలో తిరుగుతోంది.

"బాగైంది మేడం," అన్నాడు గోపయ్య, భార్య నోరు తెరిచేలోపే. "ఇప్పుడు అరుసుడు, ఒర్లుడు లేదు, ఉరుకుడు లేదు. గోలీ ఇస్తే మింగుతది. చెప్పిన మాట ఇంటది."

"ఆవిడ్ని చెప్పనివ్వండి," అంది సుబ్బరత్నం.

భద్రమ్మ మొగుడి వైపు చూసింది. లేచి వాకిట్లోకి నడిచింది. అక్కడా నిలవలేక రోడ్డెక్కింది. సుబ్బరత్నం వెంటే వెళ్లింది. బొగ్గు లారీల దుమ్ముకు తునికి చెట్లు నల్లబడి ఉన్నాయి. నడుస్తుంటే భద్రమ్మకు మాటలొచ్చాయి.

"చెవుల్ల మాటలు ఇప్పటికీ ఇనవడ్తయమ్మా, సన్నగ. వాటితోని తిప్పలేం లేదు. నా బిడ్డ సమ్మక్కను కారేపల్లిల మా ఆడబిడ్డ కాడ ఉంచిన్రు. తెమ్మంటే మా ఆయన తేడు. గట్టిగ అడిగితే మళ్ల రోగమొచ్చిందంటడు. నాకు కోపమొస్తే కోపమే అనాలె. గప్పుడు నాకు బాగైనట్టు."

"ఈ మాట ఆయనతో చెప్పారా?"

"ఎవలింటరు?" అంది కానీ, అప్పటికే ఆమె ఇంటివైపు తిరిగింది.

"ఏమయ్యా, బిడ్డను ఎప్పుడు తెస్తవ్?" గడపలోనే నిలబడి అరిచింది. పక్కింటివాళ్లు తొంగిచూశారు. గోపయ్య గూట్లోని గోలీల డబ్బా అందుకున్నాడు.

"పొద్దున ఏసుకున్న. ఇది రోగం గాదు. మొన్న నువ్వు బావిల పని చేయించే మీ సర్దార్ మీద ఒర్లితివి, నీకెవలన్న గోలిచ్చిన్రా?"

గోపయ్య చెయ్యి ఆగిపోయింది. "భయమైతదే," అన్నాడు. "రోగమొచ్చినప్పుడు పిల్లను అడవిల ఇడిసొచ్చినవ్."

అబద్ధం కాదది. భద్రమ్మ గోడ పట్టుకుంది. "అవ్, ఇడిసొచ్చిన. ఒక్కదాన్నే సాకుతనంటలేను. నువ్వుండు, నేనుంట."

అతను డబ్బా గూట్లో పెట్టి చొక్కా తొడుక్కున్నాడు.

కారేపల్లిలో తల్లిని చూసి సమ్మక్క మేనత్త వెనక దాక్కుంది. ఆడబిడ్డ ఇంకొన్నాళ్లు ఆగమంది. "తల్లి అడుగుతున్నది, బట్టలు సదురు," అన్నాడు గోపయ్య.

తిరుగు బస్సులో పిల్ల తండ్రి ఒళ్లోనే కూర్చుంది. తల్లిని ఓరగా చూస్తూ, చాలా దూరం వచ్చాక అడిగింది: "ఇంటికాడ నా గౌనున్నదా?"

"పొట్టిగైంటది బిడ్డా," అంది భద్రమ్మ. "ఏసి చూద్దాం."