పోసమ్ నరాలు, మా అత్తగారి నొప్పి

మా అత్తగారు మెర్ల్‌కి పోసమ్‌లంటే ఒళ్లుమంట. పొట్టమీది సంచిలో పిల్లని మోసుకు తిరిగే ఆ పిల్లిపాటి జంతువులు ఆవిడ గులాబీ మొగ్గల్నీ ఆప్రికాట్లనీ కొరికి పారేసి, పగలంతా ఆవిడ ఇంటి కప్పులోనే హాయిగా నిద్రపోయేవి. నేనేమో అడిలైడ్‌లో ఒక ప్రయోగశాలలో ఆ పోసమ్‌ల పైత్యనాళాన్నీ, దానికి వెళ్లే నరాలనీ పరిశోధించేదాన్ని.

"జిల్, మా కప్పులో ఉన్నవాటిని కూడా పట్టుకుపోవే తల్లీ. ఊరికే ఇస్తాను" అనేది కనిపించినప్పుడల్లా.

అలా నవ్వించేది గానీ, ఆ రోజుల్లో ఆవిడ ఒంట్లో బాగుండేది కాదు. రాళ్లున్నాయని పిత్తాశయం తీసేశారు. తీసేసినా నొప్పి పోలేదు. వెన్న రాసిన రొట్టె తిన్నా కుడి డొక్కలోంచి వీపుదాకా పొడిచేది. ఏ డాక్టరు చూసినా అన్నీ బాగానే ఉన్నాయనేవాడు. చివరగా చూసినాయన భుజం తట్టి, "ఇదంతా నరాల బలహీనతమ్మా. మనసు కుదుటపరచుకోండి" అన్నాడట. మామగారు రే ఆ మాట నమ్మలేదు. కానీ ఏం చెయ్యాలో తోచక, వేడినీళ్ల సంచి పట్టుకుని ఆవిడ వెనకాలే తిరిగేవాడు.

ఒక శనివారం భోజనానికి రమ్మన్నారు. నాకు కుదరలేదు. పోసమ్ నాళం చివర నేను పెట్టిన రంగు నరాల వెంట పాకి ఎక్కడిదాకా వెళ్లిందో ఆ రోజే చూడాలి. "నువ్వు రాకపోతే నేనే వస్తా" అని మెర్ల్ గొర్రె మాంసం, బంగాళాదుంపలు డబ్బాలో పెట్టుకుని ప్రయోగశాలకే వచ్చేసింది.

"ముందు తిను. నీ దొంగవెధవలు ఎక్కడికీ పారిపోవు."

నేను తింటుంటే, "ఇంతకీ అందులో ఏం చూస్తావే?" అంది. సూక్ష్మదర్శిని కింద చూపించాను.

"ఇది కాలేయం నుంచి పసరు తెచ్చే గొట్టం. ఇది క్లోమం నుంచి వచ్చేది. రెండూ కలిసి పేగులోకి దిగుతాయి. దిగేముందు చుట్టూ కండ ఉంది, చూశారా? అదే తలుపు. మనకి చాలావరకు పేగు గోడలోనే దాక్కుని ఉంటుంది. పోసమ్‌కి బయట పొడుగ్గా ఉంటుంది. అందుకే పరిశీలించడం తేలిక."

"ఆ తలుపు తియ్యమని ఎవరు చెప్తారు?"

"నరాలు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్నదే గొడవ. పక్కనున్న పేగే నేరుగా కబురు పంపుతోందని నా అనుమానం."

దీపాలార్పి, పేగు ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అంతా నలుపు. కొంచెం పక్కకి జరిపాను. ఒక్క కణం ఎర్రగా వెలిగింది. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఏకంగా గుంపు! రంగు పెట్టింది తలుపు దగ్గర, వెలుగుతున్నది పేగు గోడలో. అంటే ఈ కణాల పోగులు తలుపుదాకా వెళ్తున్నట్టే. నేను పెట్టిన కేకకి మెర్ల్ చేతిలోని డబ్బా మూత కిందపడింది.

"ఏమైందే? కరిచిందా?"

"చూడండి! మీరే చూడండి!"

ఆవిడ చాలాసేపు కన్ను తియ్యలేదు. "క్రిస్మస్ దీపాల్లా ఉన్నాయే!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "జిల్, నా పసరు సంచి తీసేసినప్పుడు ఈ తలుపు కూడా తీసేశారా?" అని అడిగింది.

"లేదు. అది అక్కడే ఉంటుంది."

"మరి అది బిగుసుకుపోతే?"

పోసమ్‌కి ఉన్నదాన్ని బట్టి ఆవిడ నొప్పి గురించి చెప్పలేను. కానీ కొలిచి చూడగలిగిన మనిషిని ఎరుగుదును. మా పై అంతస్తులో పనిచేసే సర్జన్ అలెక్ రండిల్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆవిడ నోట్లోంచి సన్నటి గొట్టం దించి, ఆ తలుపు దగ్గర ఒత్తిడి కొలిచాడు. ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ.

"మీ నొప్పి నిజమేనండీ. తలుపు బిగుసుకుంది. కాస్త కోసి వదులు చేస్తాను" అన్నాడు.

మెర్ల్ భర్త వైపు తిరిగింది. "విన్నావా ముసలాయనా? నిజమేనట!" కళ్లలో నీళ్లు, మూతి నిండా నవ్వు. "ఆ డాక్టరు నరాలన్నాడు. నరాలే! కానీ తలలోవి కాదు, పేగులోవి!"

"నరాల సంగతి ఇంకా తేల్చాలి లెండి" అన్నాడు అలెక్ నవ్వుతూ.

"మీరు తేల్చుకోండి. నేను మాత్రం అందరికీ చెప్పేసుకుంటా."

కోసిన చోటు మానాక, ఒక ఆదివారం ఆవిడే వంట చేసింది. కాల్చిన మాంసం, దానిమీద చిక్కటి పులుసు, ఆఖర్న మీగడ కేకు. రే ఒళ్లో వేడినీళ్ల సంచితో కాచుకుని కూర్చున్నాడు. ఆవిడ కేకు రెండో ముక్క కూడా తినేసి, కాసేపు ఊపిరి బిగబట్టి చూసుకుంది. ఏమీ కాలేదు.

"ఆ సంచి అవతల పడేసి, ఆ మీగడ గిన్నె ఇటు జరుపు" అంది.

తర్వాతి వారం నన్నూ వెంటబెట్టుకుని, గడ్డిమీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బుకి వెళ్లి, ఆట మొదలు కానివ్వలేదు. తెల్లబట్టల్లో వచ్చిన స్నేహితురాళ్లందర్నీ పోగేసి, స్కోరు రాసే పలకమీద సుద్దముక్కతో బొమ్మ గీసింది. "ఇది పసరు గొట్టం. ఇది పేగు. ఇదిగో, ఇక్కడ దీపాలు."

"ఎవరి పొట్టే ఇది, నీదా?" అని అడిగింది ఆవిడ జట్టులోని థెల్మా.

"పోసమ్‌ది. నాదీ ఇంచుమించు అంతే!"

అందరూ పగలబడి నవ్వారు. గొట్టాన్ని మరీ లావుగా గీసింది. నేను దిద్దలేదు. టీ తాగుతూ, మొదట్నుంచి చివరిదాకా విన్నాను.