కప్పు తట్టే మామ

గనిలో బొగ్గు తీశాక నెత్తిమీద కప్పులా మిగిలే రాతిని నమ్మడానికి వీల్లేదు. ముందు దాన్ని గడ్డపారతో తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది. బొదబొదమంటే లోపల పొర విడిందన్నమాట, గుల్ల. అలాంటిచోట కింద గుంజలు నిలబెట్టి, రాతికి బెజ్జాలు వేసి, జిగురు దూర్చి, బారెడేసి బోల్టులతో పైనున్న గట్టి పొరకు కుట్టేయాలి. తట్టి చెప్పే పని ముప్పై ఏళ్లుగా మామదే. ఆయన "గట్టిదే" అంటే జట్టంతా కళ్లు మూసుకుని నడిచేది. అలాంటి మామకు ఏడాదిగా చెవులు మొరాయిస్తున్నాయి. బయటపడితే పరువు పోతుందని గుట్టుగా నెట్టుకొస్తున్నాడు, మొండిఘటం!

ఆ జట్టులోకే అల్లుడు వచ్చిపడ్డాడు. కూతురికి ఏడో నెల. అల్లుడు వెన్నముద్దలాంటివాడు, మామ మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

ఆ పూట మామ తట్టి, "గట్టిదే, పదండి" అన్నాడు. డ్రిల్లు మోస్తున్న అల్లుడి మొహం పాలిపోయింది.

"ఏం బాబూ?"

"ఏం లేదు మామయ్యా" అంటూ అడుగు వేయబోయాడు.

మామ ఆ మొహాన్ని మళ్లీ చూశాడు. "ఆగు!" అని, అరచెయ్యి రాతికి ఆనించి మళ్లీ కొట్టాడు. చేతికింద రాయి గుల్లగా అదిరింది. అల్లుడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"గుల్లని నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?"

"మీరు గట్టిదన్నాక నేను కాదని ఎలా అంటాను మామయ్యా?"

మామకు కోపం రాలేదు. తన పరువు కోసం కన్నకూతురి బతుకునే రాయి కింద పెట్టబోయాడు. జట్టు వైపు తిరిగి, "ఏడాదిగా నాకు సరిగా వినపడటం లేదు. దాచాను, తప్పు నాదే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గుంజలు మోసుకొచ్చి పనిలో దిగారు.

అక్కడి కప్పుకు బోల్టులు బిగించాక, మామ దాని కిందే నిలబడి, చెయ్యి చాపి, అవతలి రాతిని తట్టాడు. రాతికి ఆనించిన రెండో అరచేతికి అదురు స్పష్టంగా తెలిసింది.

"గట్టిదే" అన్నాడు, కావాలనే.

అల్లుడు తలెత్తాడు. కప్పును చూశాడు, మామను చూశాడు.

"కాదు మామయ్యా. గుల్ల."

"ఏమిటీ? గట్టిగా చెప్పు, చెవిటివాణ్ణి."

"గుల్ల! మీరు తప్పు చెబుతున్నారు!" అని అరిచాడు అల్లుడు.

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. గడ్డపార అల్లుడి చేతిలో పెట్టి, గుంజ తేవడానికి తనే వెళ్లాడు.