తాళం వేసిన టీవీ

పెయింటర్‌కి రెండు చేతులూ విరిగి పదకొండు రోజులైంది. ఒక చెయ్యి విరిగితే జనం అయ్యో అంటారు. రెండూ విరిగితే ముందు నవ్వు ఆపుకుని ఆ తర్వాత అయ్యో అంటారు. మోచేతుల దాకా తెల్లటి పిండికట్లతో, ఎవరో పైనుంచి ఏదో విసిరితే పట్టుకుందామన్నట్టు చేతులు ముందుకు చాపుకుని సోఫాలో కూర్చుని ఉంటే చూసినవాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

పోనీ పడిందేమైనా గొప్ప ఎత్తు నుంచా అంటే అదీ కాదు. ఇరవై రెండేళ్ళుగా మూడంతస్తుల నిచ్చెనలెక్కి గోడలకి రంగులేసిన మనిషి, ఎవరి వంటింట్లోనో ముక్కాలిపీట మీద నుంచి పడ్డాడు. అడిగినవాళ్ళకి మాత్రం నిచ్చెన మీద నుంచేనని చెబుతున్నాడు. చేతులు పోయినా నోరు పోలేదు కదా! ఆ నోటికి వీధిలో మంచి పేరుంది. గోడకి లప్పం పూసి అది ఆరేలోగా ఇంటివాళ్ళ మూడు తరాల సంగతులూ రాబట్టగలడని అంటారు.

అంతా నవ్వులాటే అయితే బాగానే ఉండేది. కానీ అతని భార్యకి సిటీ బస్సు డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. అతని రంగు డబ్బాల వ్యాను పన్నెండేళ్ళు నడిపి నడిపి, ఇరుకు సందుల్లో వెనక్కి తిప్పడం నేర్చుకుని, రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి నెగ్గి, ఆరు వారాల శిక్షణ కూడా పూర్తి చేసింది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి డిపోలో హాజరవ్వాలి. రాకపోతే జాబితాలో తర్వాతి పేరు పిలుస్తామని ఉద్యోగం ఇచ్చిన కాగితంలోనే రాసి ఉంది.

“నిన్నిలా వదిలేసి ఎలా వెళ్ళనయ్యా? తలుపైనా తీసుకోలేవు. లోపల ఏదన్నా అంటుకుంటే బయటికెలా వస్తావ్? నేను వెళ్ళను, అంతే,” అంది ఆమె శనివారం.

“ఇంకెవరైనా చూసుకుంటార్లేవే...”

“ఎవరు?”

అతను తన కట్ల వంక చూసుకున్నాడు. తన చేతుల వల్ల ఆ ఉద్యోగం పోతే, ఇక ఆ చేతులు అతికినా ఒకటే, అతక్కపోయినా ఒకటే అనిపించింది. ఆ మధ్యాహ్నమే బావమరిదికి ఫోన్ చేయించాడు.

బావమరిదికి రెండు వీధుల అవతల ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టుంది. ఆదివారం పొద్దున్నే భుజాన నిచ్చెన, చేతిలో అట్టపెట్టెతో దిగాడు. నిచ్చెన చూడగానే పెయింటర్ మొహం తిప్పుకున్నాడు.

“దిగులుపడకు బావా. నీకు లేనివి చేతులే. నోరుందిగా! ఇల్లు మొత్తం నీ నోటికి కట్టేస్తా. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, ఇక ఇల్లెంత?”

“నోరు మంచిదైతేనే కదరా,” అంది అక్క వంటింట్లోంచి.

మధ్యాహ్నానికి స్విచ్‌బోర్డుల్లో కొత్త స్విచ్‌లు కూర్చున్నాయి. తలుపుకి బ్యాటరీతో నడిచే తాళం, గుమ్మం పక్కన చిన్న కెమెరా వచ్చాయి. వీటన్నిటి మీదా పెత్తనానికి, సబ్బుపెట్టె అంత నల్లటి డబ్బా ఒకటి టీవీ పక్కన చేరింది.

“వినేది ఈ డబ్బా. మాట్లాడేదీ చూపించేదీ టీవీ. గుమ్మం ముందు ఎవరు నిలబడినా టీవీలో కనిపిస్తారు. రెండింటినీ కలిపేస్తే అయిపోయినట్టే, ఐదు నిమిషాల పని,” అన్నాడు బావమరిది.

ఐదు నిమిషాల పని అని ఎవరన్నా అంటే ఆ పూట భోజనం ఆలస్యమని లెక్క. టీవీని కలపమంటే ఫోన్ వెతికింది, వెతికింది, ‘పరికరం కనబడలేదు’ అంది. ఎదురుగా గోడ నిండా ఉన్న టీవీ కనబడకపోవడమేమిటి? ఆపి మళ్ళీ పెట్టాడు. డబ్బాని ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మార్చాడు. రెండూ ఒకే గూట్లో ఉండి, మాటల్లేని తోడికోడళ్ళలా ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. చివరికి టీవీ సెట్టింగుల్లోకి దూరిన బావమరిది అక్కడే కాసేపు ఆగిపోయాడు.

“బావా, ఈ టీవీ మీ వైఫైలో లేదు.”

“మరెక్కడుంది?”

“పైయింటి టీచరమ్మగారి వైఫైలో ఉంది.”

అప్పటికే ఆ టీచరమ్మగారు గుమ్మంలో ఉన్నారు. సోమవారం నుంచి మధ్యాహ్నం భోజనం తనే తినిపిస్తానని మాటిచ్చిన మనిషి, ఏర్పాట్లు చూద్దామని దిగారు. నాలుగేళ్ళ కిందట తన వైఫై పాడైనప్పుడు ఏదో ఆట చూసుకోవడానికి ఒక్క పూటకని తనే ఆవిడ దగ్గర పాస్‌వర్డ్ అడిగి తీసుకున్న సంగతి పెయింటర్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

“అందుకా నా ఫోన్లో మా మనవరాలు ఆగి ఆగి మాట్లాడుతోంది! నాలుగేళ్ళ నుంచి దానికి నత్తి అనుకుంటున్నానయ్యా,” అన్నారావిడ.

పెయింటర్ రెండు కట్లూ జోడించి దణ్ణం పెట్టాడు. ‘టక్’మని చప్పుడైంది. ఆవిడ నవ్వేశారు.

టీవీని సొంతింటి వైఫైలోకి మార్చగానే ఫోన్ దాన్ని ఠక్కున పట్టుకుంది. టీవీ తెర మీద ఆరంకెల సంఖ్య వచ్చింది, బావమరిది దాన్ని ఫోన్లో కొట్టాడు. ‘కలిసింది’ అని ఓ ఆడగొంతు తియ్యగా పలికింది. ప్రతిసారీ ముందుగా డబ్బాని పేరు పెట్టి పిలవాల్సిన పనీ బావమరిది తీసేశాడు. ఏ మాటన్నా డబ్బా వింటుంది.

“లైటు వెయ్యి,” అన్నాడు పెయింటర్. వెలిగింది. “ఫ్యాను వెయ్యి.” తిరిగింది. “లైటు తియ్యి.” ఆరింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇంట్లో తన మాట ఇంత చప్పున చెల్లడం అతను ఎన్నడూ ఎరగడు. వెయ్యి, తియ్యి, వెయ్యి, తియ్యి అంటూ పది నిమిషాలు రాజ్యమేలాడు.

“చాలించు. ఇప్పుడు నా పరీక్ష,” అంది భార్య. “నేను బయట నిలబడతా. నువ్వు లోపల్నించి తాళం వెయ్యాలి. మళ్ళీ తియ్యాలి. తలుపు తీసుకుని బయటికి రాగలవని నా కళ్ళతో చూస్తేనే రేపు డిపోకి వెళ్తా. లేదంటే లేదు.”

ఆమె బయటికెళ్ళి తలుపు మూసింది. టీవీలో ఆమె మొహం వచ్చింది. పెయింటర్ గొంతు సవరించుకున్నాడు.

“తాళం వెయ్యి!”

టీవీ తాళం వేసింది. తకధిమి తకధిమి అంటూ మద్దెల అందుకుంది. తలుపుకి మాత్రం తాళం పడలేదు.

“అదికాదే, తాళం! తాళం వెయ్యమంటే!”

రెండుసార్లు అడిగాడు కదా, ఇష్టపడుతున్నాడనుకుందో ఏమో, టీవీ జోరు పెంచి చేతాళాలు కూడా కలిపింది. “తాళం తియ్యి!” అంటే ఇంకో తాళం ఎత్తుకుంది. టీవీలో భార్య నడుం మీద చేతులు పెట్టుకుని కనిపించింది. “లోపల కచేరీనా?” అన్న ఆమె గొంతు తలుపు సందులోంచీ టీవీలోంచీ ఒకేసారి వినిపించింది. టీచరమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. పెయింటర్‌కి నవ్వు రాలేదు. సాయంత్రం నాలుగైంది, రేపే సోమవారం.

“దాని తప్పు కాదు బావా. తాళమంటే పాట అనుకుని డబ్బా ఆ పని టీవీకి అప్పగిస్తోంది. వేరే పేరు పెడదాం. గడియ అందామా?”

గడియ అన్నారు. ‘గడియ తియ్యి’ అనగానే టీవీ మద్దెల ఆపి, తెర నిండా పెద్ద గడియారం చూపించి, “సమయం నాలుగు గంటల పన్నెండు నిమిషాలు” అని మర్యాదగా చెప్పింది.

“మన భాషలో ఒక్క మాటకి ఒక్క అర్థం ఉండి చావదేంట్రా!” అన్నాడు పెయింటర్.

బావమరిది తల గోక్కుంటూ ఫోన్లో ఏదో మార్చాడు. “సరే, మూసుకుంటే తాళం దానంతటదే పడేలా పెట్టేశా. వెయ్యమనక్కర్లేదు. తియ్యడానికే మాట కావాలి. ఎవరూ దేనికీ వాడని మాట, నీ నోటికి అలవాటైన మాట ఒకటి చెప్పు.”

పెయింటర్ ఆలోచించాడు. ఆ తలుపు ఇన్నేళ్ళుగా ఏ మాటకి తెరుచుకుంటోంది? సాయంత్రం పని నుంచి వస్తే రెండు చేతుల్లోనూ డబ్బాలుంటాయి, బెల్లు నొక్కే చెయ్యి ఖాళీ ఉండదు. గుమ్మంలో నిలబడి ఒక్క కేక పెడతాడు. ఆమె ఎక్కడున్నా వచ్చి తీస్తుంది. ఆ మాటే చెప్పాడు. బావమరిది ఫోన్లో రాసుకున్నాడు. భార్య మళ్ళీ తలుపు మూసింది. తాళం దానంతటదే పడింది.

“రంగులొచ్చాయ్!”

‘టిక్’మంది. తలుపు మోచేత్తో తోస్తే తెరుచుకుంది. మూసి మూడుసార్లు చూశారు, మూడుసార్లూ తెరుచుకుంది. టీచరమ్మగారు చప్పట్లు కొట్టారు. బావమరిది తనకి తానే భుజం తట్టుకున్నాడు.

భార్య మొహంలో మాత్రం సంతోషం లేదు. వచ్చి సోఫా అంచున కూర్చుంది.

“కరెంటు పోతే?”

“తాళానికి బ్యాటరీ ఉందక్కా.”

“నెట్ పోతే?”

“నా దగ్గర ఓ తాళంచెవి ఉంటుందిగా,” అన్నారు టీచరమ్మగారు.

“మధ్యలో ఎప్పుడైనా... ఆ పనికి వెళ్ళాల్సొస్తే?”

“పదకొండింటికీ మూడింటికీ నేనొచ్చి వెళ్తానక్కా,” అన్నాడు తమ్ముడు నేల చూపులు చూస్తూ. ఆ సంగతి అంతకన్నా వివరంగా మాట్లాడుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

“కట్టు లోపల దురద పెడితే?”

పెయింటర్ ఆమెను తేరిపార చూశాడు. చేతులు విరిగిన ఈ పదకొండు రోజుల్లో మాట్లాడ్డమే కానీ చూడ్డం తక్కువైందని అప్పుడు తెలిసింది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కుడికాలు నేల మీద బ్రేకు తొక్కుతున్నట్టు అదే పనిగా కదులుతోంది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక అడిగాడు. “కందకి లేని దురద కత్తిపీటకెందుకే? నిజం చెప్పు. భయం నా గురించా, బస్సు గురించా?”

ఆమె కాలు ఆగింది. “శిక్షణప్పుడు పక్కన సారు కూర్చునేవాడు. రేపు ఎవరూ ఉండరు. వెనక అరవై మంది ఉంటారు. నీ చేతులు విరిగాయని అందరూ అయ్యో అంటుంటే, నాకు లోపల... హమ్మయ్య అనిపించిందయ్యా. ఎంత పాపిష్టిదాన్నో చూడు,” అని ఏడ్చేసింది.

“ఆడలేక మద్దెల ఓడన్నారే కానీ, మొగుడి చేతులు ఓటివన్నదానివి నువ్వేనే,” అన్నాడతను. ఏడుపులోంచే ఆమెకి నవ్వొచ్చింది. “విను. మొదటిసారి మూడంతస్తుల నిచ్చెనెక్కమన్న రోజు నేను కడుపునొప్పి అని రెండు రోజులు పడుకున్నా. మూడోరోజు మేస్త్రీ ఇంటికొచ్చి, నొప్పి తగ్గేదాకా కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటా, ఎక్కు అన్నాడు. ఎక్కా. సగం ఎక్కి కిందికి చూస్తే ఆయన లేడు, టీ తాగడానికి పోయాడు.”

“ఏం చేశావ్?”

“ఏం చేస్తా? పైకే దగ్గరనిపించింది, పోయా.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు. ఉతికిన యూనిఫామ్ మాత్రం తీసి ఇస్త్రీ చేసింది. రెండుసార్లు చేసింది.

పొద్దున ఏడింటికి తయారై గుమ్మం దగ్గర నిలబడింది. చొక్కా కాలరు ఓ పక్క ముడుచుకుని ఉంది. సర్దడానికి అతనికి చేతుల్లేవు. “ఎడమవైపు కాలరు,” అన్నాడు. ఆమె సర్దుకుంది.

“నువ్వే తియ్యి తలుపు,” అంది.

“రంగులొచ్చాయ్,” అన్నాడు. తలుపు తెరుచుకుంది. ఆమె వెళ్ళింది, తలుపు మూసుకుంది, తాళం పడింది.

టీవీలో ఆమె కనిపించింది. మెట్ల వైపు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి తలుపుకేసి చూస్తూ నిలబడింది. సంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. నోరు కాస్త తెరిచి మూసింది. పెయింటర్‌కి అర్థమైంది. ఇప్పుడు ఒక్క మాట చాలు, తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఆమె లోపలికొచ్చేస్తుంది. వస్తే ఇక వెళ్ళదు. ఆమె ఆ మాట కోసమే నిలబడింది.

బెల్లు మోగింది.

అతను పలకలేదు. చెప్పాలనుకున్నవి గొంతు దాకా వచ్చాయి, ధైర్యాలూ జాగ్రత్తలూ, నాలుగు సందుల్లో ఎక్కడ గుంతలున్నాయో, ఎక్కడ మలుపు ఇరుకో. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకోవడం అతనికి అదే మొదలు. పిండికట్లు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి కూడా పైకి వినపడకుండా టీవీకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ఇంకోసారి బెల్లు నొక్కబోయి ఆగింది. కెమెరాలోకి సూటిగా చూసింది. అతను కావాలనే పలకడంలేదని ఆమెకి తెలిసిపోయింది, ఆ సంగతి ఆమె మొహంలోనే కనిపించింది. “దొంగ మొహమా,” అంది. నవ్వింది. సంచి గట్టిగా భుజాన వేసుకుని చకచకా మెట్లు దిగిపోయింది.

టీవీలో ఖాళీ మెట్లు మిగిలాయి. ఇక వినేవాళ్ళు ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక పెయింటర్ భోరుమన్నాడు. ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు.

“క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి,” అంది టీవీ.

“నీకర్థం కాదులేమ్మా,” అన్నాడతను. “ఫ్యాను వెయ్యి.”